బ్యాటరీ 12.6 చూపిస్తోంది, అయినా ఫ్రిజ్ ఆగిపోతోంది: క్యాంపర్ వ్యాన్‌లో వోల్టేజి ఎక్కడ పోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్‌గా మార్పించుకున్నారు. వెనక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) టబ్యులర్ బ్యాటరీ, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, నీళ్ల పంపు, ఎల్‌ఈడీ లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక ఇన్వర్టర్ ఉన్నాయి. బండి నడుస్తున్నంతసేపూ అన్నీ బాగానే ఉంటాయి. రాత్రి ఎక్కడైనా ఆపుకుని పడుకుందామంటే పంపు వేసినప్పుడల్లా లైట్లు మసకబారతాయి, ఫ్రిజ్ ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే మొదలవుతుంది. మిక్సీ పెడితే ఇన్వర్టర్ కీచుమంటుంది. అన్నీ ఆపేసి చూస్తే ప్యానెల్ మీటరు మాత్రం 12.6 అంటోంది. ఇద్దరు మెకానిక్కులు చూసి బ్యాటరీ పోయింది, లిథియం వేయించుకోండి అన్నారు. వేయించాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వేయించకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే బ్యాటరీకీ సామాన్లకీ మధ్య ఎక్కడో జాయింటు చెడింది, లేదా వైరు సన్నగా ఉంది. నా అనుమానం మొదట నెగటివ్ వైపు మీద, అంటే బాడీ ఎర్త్ మీద (నెగటివ్ వైరుని బండి రేకుకి బిగించి ఆ రేకునే తిరుగు దారిగా వాడటం). పది నిమిషాల్లో మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. ఎలాగో కింద చెప్తాను. ముందు అలా ఎందుకు అంటున్నానో వినండి.

అన్నీ ఆపేసి చూసిన 12.6కి పెద్ద విలువ లేదు. కరెంటు పారనప్పుడు పాడైన జాయింటు కూడా నిక్షేపంలా కనిపిస్తుంది. కరెంటు పారినప్పుడే అక్కడ వోల్టేజి పడిపోతుంది. మీ లెక్కే వేద్దాం. ఫ్రిజ్ 5 ఆంప్స్, పంపు 6 ఆంప్స్, లైట్లూ ఫ్యాన్లూ కలిపి 4 ఆంప్స్, మొత్తం 15 అనుకోండి. దారిలో ఉన్న జాయింట్లూ వైర్లూ కలిపి 0.12 ఓమ్ అడ్డు పడితే చాలు, 1.8 వోల్టులు దారిలోనే పోతాయి. లోడ్ మీద బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే ఫ్రిజ్‌కి చేరేది 10.4. చాలా 12 వోల్టుల ఫ్రిజ్‌లలో వాడే డాన్‌ఫాస్ బీడీ35ఎఫ్ కంప్రెసర్‌కి (ఇప్పుడు సెకాప్ పేరుతో వస్తోంది) కట్ అవుట్ (అది ఆగిపోయే వోల్టేజి) సరిగ్గా 10.4 దగ్గరే పెట్టి ఉంటుంది. మళ్లీ మొదలవ్వాలంటే 11.7 కావాలి. పంపు ఆగగానే లోడ్ 4 ఆంప్స్‌కి దిగుతుంది, దారిలో పోయేది అర వోల్టే, ఫ్రిజ్‌కి 11.7 అందుతుంది, మళ్లీ మొదలవుతుంది. మీరు చెప్పిన ఆటంతా ఇదే.

మరి బండి నడుస్తుంటే ఎందుకు బాగుంది? ఆల్టర్నేటర్ 14 వోల్టుల పైన ఇస్తోంది కాబట్టి. 14.2లో 1.8 పోయినా ఫ్రిజ్‌కి ఇంకా 12.4 మిగులుతుంది. తప్పు అప్పుడూ ఉంది, మీకు కనపడటం లేదంతే.

ఇక్కడే లిథియం సలహాతో నాకు పేచీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ లోడ్ మీద కూడా 13కి అటూ ఇటూ నిలబడుతుంది. అందులో 1.8 పోతే ఫ్రిజ్‌కి 11.2 దాకా అందుతుంది, కట్ అవుట్ కాదు. మీరు సంతోషంగా డబ్బులిచ్చి ఇంటికెళ్తారు. కానీ 1.8 వోల్టులు, 15 ఆంప్స్ అంటే 27 వాట్లు. సెల్‌ఫోన్ రిపేర్ షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ ఒకటి మీ ప్లైవుడ్ వెనక పంపు నడిచినప్పుడల్లా ఆన్‌లో ఉన్నట్టు. కొత్త బ్యాటరీ ఆ వేడిని పోగొట్టదు, కనపడకుండా చేస్తుంది.

ఇక టెస్టు. నూట యాభై రూపాయల మీటరు కాకుండా కాస్త నమ్మకమైన డిజిటల్ మల్టీమీటరు తీసుకోండి. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆన్ చేసి, ఒకరిని ట్యాపు తిప్పి పంపు నడిపించమనండి. లోడ్ నడుస్తుండగానే కొలవాలి, ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా.

మొదట బ్యాటరీ మీద. ప్రోబ్‌ని క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే గుచ్చండి. క్లాంపుకీ పోస్టుకీ మధ్య తెల్లగా, పచ్చగా చిలుం పట్టి ఉంటే అక్కడే అర వోల్టు పోవచ్చు. తర్వాత అదే లోడ్‌లో ఫ్రిజ్ వైర్లు ఎక్కే టెర్మినల్ దగ్గర కొలవండి. రెండింటి తేడా ఎంతో రాసుకోండి.

తేడా ఉందని తేలాక అది ఏ వైపో చూడాలి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఫ్రిజ్ నెగటివ్ టెర్మినల్ మీద పెట్టండి. ప్రోబ్ వైర్లు అంతదూరం అందవు, ఒక మామూలు వైరు ముక్క కలుపుకోండి, మీటరుకి కరెంటు దాదాపు అక్కర్లేదు కాబట్టి వైరు సన్నగా ఉన్నా ఫర్వాలేదు. ఆ రీడింగు 0.2 లోపు ఉంటే నెగటివ్ మంచిది. 1, 1.5 అని చూపిస్తే దొంగ దొరికినట్టే. పాజిటివ్ వైపు కూడా అలాగే. తర్వాత ప్రోబ్‌ని ఒక్కో జాయింటు దాటిస్తూ వెనక్కి జరపండి: ఫ్రిజ్ నుంచి ఫ్యూజ్ బాక్సు, అక్కణ్నుంచి మెయిన్ స్విచ్, అక్కణ్నుంచి బ్యాటరీ. ఎక్కడ రీడింగు ఒక్కసారిగా పడిపోతుందో, అప్పుడే దాటిన ముక్కలోనే తప్పు ఉంది.

ఇంకా తొందరగా తేల్చాలంటే బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి ఫ్రిజ్ నెగటివ్‌కి లావుపాటి వైరు ఒకటి తాత్కాలికంగా నేరుగా కలపండి. లైట్లు వెంటనే కాంతివంతమైతే ఇక వెతకక్కర్లేదు. నెగటివ్‌కి మాత్రమే ఇలా చేయండి. పాజిటివ్‌కి ఫ్యూజ్ లేకుండా ఎప్పుడూ జంపర్ వేయకండి.

మల్టీమీటరుని మాత్రమే నమ్ముకున్నా ఒక్కోచోట మోసపోతాం. డిజిటల్ మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. తెగిన వైరులో రెండు పోగులు మిగిలినా సరే 12.6 అని చూపించేస్తుంది. అందుకే నా పెట్టెలో ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బు, హోల్డరు, రెండు క్రొకడైల్ క్లిప్పులు ఎప్పుడూ ఉంటాయి. ఆ బల్బు దాదాపు 1.75 ఆంప్స్ లాగుతుంది. మీటరు 12.6 చూపించిన చోట బల్బు ఎర్రగా మిణుకుమంటే ఆ వైరు పనికిరాదు.

సరే, ఎక్కడెక్కడ దొరుకుతుంది? నా దగ్గరికొచ్చే బళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది బాడీ ఎర్త్. క్యాంపర్ చేసే కార్పెంటర్ ప్లైవుడ్, ఫోమ్ షీటు వేసేసిన తర్వాత ఎలక్ట్రీషియన్ వస్తాడు. అతనికి బాడీ రేకు కనపడదు. కనపడిన సీటు బోల్టుకో, రేకులోకి దించిన స్క్రూకో నెగటివ్ బిగించేస్తాడు. ఆ మధ్య ఒక ట్రావెలర్ ఇవే లక్షణాలతో వచ్చింది. నెగటివ్ వైపు కొలిస్తే 1.4 వోల్టులు. బెంచీ ఎత్తి సీటు బోల్టు విప్పాను. లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొన) కింద ఫ్యాక్టరీ పెయింటు చెక్కుచెదరకుండా ఉంది. కరెంటంతా బోల్టు మర గుండా మాత్రమే పోతోంది. లగ్గు చుట్టూ రాగి నీలం, గోధుమ రంగులోకి తిరిగింది. మీద ఉన్న స్లీవు గోరుతో గిల్లితే పెళుసుగా పొడిపొడిగా రాలింది. ఆ బండికి బ్యాటరీ అప్పటికే ఒకసారి మార్చారు.

దాని మందు చవకే. పెయింటుని ఎమరీ పేపరుతో గీకి రేకు వెండిలా మెరిసేదాకా శుభ్రం చేయాలి. ఎనిమిది ఎంఎం బోల్టు, పళ్ల వాషరు, సరిగ్గా క్రింప్ చేసిన (టూలుతో నొక్కి బిగించిన) రింగ్ లగ్గు వేసి బిగించాలి. బిగించిన *తర్వాత* పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయాలి, తుప్పు పట్టకుండా. నన్నడిగితే క్యాంపర్‌లో బాడీని నమ్ముకోవడమే అనవసరం. బ్యాటరీ నెగటివ్ నుంచి ఫ్యూజ్ బాక్సు పక్కన, వైర్లన్నీ కలిపి బిగించే ఒక రాగి బస్‌బార్‌కి లావు వైరు తెచ్చి, ప్రతి సామానుకీ రెండు వైర్లూ విడిగా లాగించుకోండి. సూర్యలంక, కాకినాడ వైపు సముద్రపు ఒడ్డున తరచూ ఆపేవాళ్లకైతే ఇది తప్పనిసరి అంటాను. ఉప్పుగాలికి బాడీ జాయింట్లు నిలవవు.

రెండోది వైరు సైజు. ఇంటి వైరింగ్ చేసే అలవాటున్న వాళ్లు ఫ్రిజ్‌కి 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేసేస్తారు. ఇంట్లో అది చాలా ఎక్కువ. క్యాంపర్‌లో బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 6 మీటర్లనుకోండి, పోనూ రానూ 12 మీటర్లు. 1.5 స్క్వేర్‌లో అది దాదాపు 0.15 ఓమ్, 5 ఆంప్స్‌కి ముప్పావు వోల్టు పోతుంది. 230లో ముప్పావు వోల్టు ఎవరూ పట్టించుకోరు, 12లో అదే ఆరు శాతం. 4 స్క్వేర్ వేస్తే 0.3 వోల్టులకి దిగుతుంది, 6 స్క్వేర్ వేస్తే 0.2. వైరు మీద సైజు అచ్చేసి ఉంటుంది, ఒకసారి చదవండి.

తర్వాత జాయింట్లు. వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టే పద్ధతి మన ఎండలకి పనికిరాదు. మేలో మూసి పెట్టిన బండిలో ఆ టేపు జిగురు కారిపోయి ఊడి వస్తుంది. కటింగ్ ప్లేయరుతో నొక్కిన లగ్గులు కూడా అంతే, పట్టుకుని గట్టిగా లాగితే వైరు ఊడి చేతికొస్తుంది. లాగి చూడటమే పరీక్ష. టంకం వేస్తే గట్టిగా ఉంటుందని కొందరంటారు, కానీ కదిలే బండిలో టంకం ఆగిన చోట వైరు బిరుసెక్కి, కుదుపులకి సరిగ్గా అక్కడే తెగుతుంది. సరైన క్రింపింగ్ టూలుతో నొక్కి, మీద హీట్ ష్రింక్ స్లీవు వేయించండి.

చివరగా ఫ్యూజ్ హోల్డరు. గుండ్రటి గాజు ఫ్యూజులవి ముఖ్యంగా, లోపల స్ప్రింగు వదులై కార్బన్ పడుతుంది. లోడ్ నడుస్తుంటే వేలు పెట్టి చూడండి. వేడిగా తగిలిన హోల్డరుని ఆ రోజే మార్చేయండి.

ఇన్వర్టర్ కీచుమనడం వేరేగా చూడాలి. 750 వాట్ల మిక్సీ నడవాలంటే ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 70 ఆంప్స్ దాకా లాగుతుంది, స్టార్టింగులో ఇంకా ఎక్కువ. అంత కరెంటుకి 0.01 ఓమ్ కూడా 0.7 వోల్టులు తినేస్తుంది. ఇన్వర్టర్ వైర్లు ఫ్యూజ్ బాక్సు నుంచి తీసి ఉంటే అదే తప్పు. బ్యాటరీ నుంచి నేరుగా, సొంత ఫ్యూజుతో, 25 లేదా 35 స్క్వేర్ కేబులుతో, మీటరున్నర లోపే ఉండాలి. పైగా మీ టబ్యులర్ బ్యాటరీ నెమ్మదిగా, చాలాసేపు ఇవ్వడానికి చేసింది. ఒక్కసారిగా 70 అడిగితే మంచి బ్యాటరీ కూడా కాస్త కుంగుతుంది. చట్నీ పని ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడు కానిచ్చేయడం మేలు.

అయితే బ్యాటరీ తప్పే కాదా? కావచ్చు కూడా. అదీ ఇదే టెస్టులో తేలుతుంది. 15 ఆంప్స్ లోడ్ పెట్టిన కొద్ది నిమిషాల్లో *పోస్టుల మీదే* 11.5 కిందికి జారితే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. టబ్యులర్ కాబట్టి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడొచ్చు. ఫుల్ చార్జ్ తర్వాత ఐదు 1.240 దగ్గర ఉండి ఒకటి 1.190 దగ్గరే ఆగిపోయిందంటే ఆ సెల్ పోయింది. డిస్టిల్డ్ వాటర్ తగ్గి ప్లేట్లు బయటపడ్డాయేమో కూడా చూడండి. రోడ్డు మీద తిరిగే బండిలో టబ్యులర్ అంత మంచి ఎంపిక కాదన్న మాట నిజమే, యాసిడ్ చిందుతుంది. అందుకోసం మారుస్తానంటే నాకు అభ్యంతరం లేదు. కానీ వైరింగ్ బాగుచేశాకే. లిథియం వేస్తే ఆల్టర్నేటర్‌కి నేరుగా కలపనివ్వకండి. అది దొరికినంత కరెంటూ లాగి ఆల్టర్నేటర్‌ని మాడ్చేస్తుంది. మధ్యలో కరెంటుని అదుపు చేసే డీసీ టు డీసీ చార్జరు ఉండాలి. మామూలుగా 30 ఆంప్స్‌ది సరిపోతుంది.

మీరు అడగలేదు గానీ ఈ పని మీద కూర్చున్నప్పుడు ఇంకో రెండు మూడు చూసుకోండి.

ఫ్యూజ్ పదే పదే ఎగిరిపోతుంటే పెద్ద ఫ్యూజ్ వేయకండి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అసలే చుట్టకండి. ఫ్యూజ్ కాపాడేది వైరుని, సామానుని కాదు. 15 ఆంప్స్ వైరుకి 30 ఫ్యూజ్ వేస్తే ముందు కాలేది వైరే. అలాంటప్పుడు ఎగిరిన ఫ్యూజ్ స్థానంలో ఆ 21 వాట్ల బల్బు కలపండి. షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, వైర్లు కాలవు. అప్పుడు ఆ లైనులో ఉన్న సామాన్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ, వైర్లు కదిలిస్తూ పోండి. బల్బు ఎక్కడ ఆరితే అక్కడే షార్ట్. ఒక బండికి మారేడుమిల్లి ఘాట్‌లో మాత్రమే ఫ్యూజ్ పోయేది, ఊళ్లో ఎంత తిప్పినా పోయేది కాదు. బల్బు పెట్టి వంటగది డ్రాయర్లు లాగి తోస్తుంటే దొరికింది. డ్రాయర్ చానెల్ స్క్రూ ఒకటి ప్లైవుడ్ దాటి వెనక వైరు తొడుగులోకి దిగింది. మలుపులో డ్రాయర్ బరువు ఒక పక్కకి ఒరిగినప్పుడు మాత్రమే రాగికి తగిలేది.

బండి వారం నిలబెడితే బ్యాటరీ దిగిపోతోందా? ముందు ఇన్వర్టర్ స్విచ్ చూడండి. ఏమీ నడవకపోయినా ఆన్‌లో ఉంటే ఒక ఆంప్ దాకా తినే ఇన్వర్టర్లు ఉన్నాయి. రోజుకి 24 ఏహెచ్, వారంలో మీ బ్యాటరీ ఖాళీ. వానాకాలంలో నిలబెట్టిన బళ్లకి ఎలుకలు ఇంకో బాధ. వైరు కొరికిన చోట తొడుగు ముక్కలు నేల మీద రాలి ఉంటాయి, టార్చి వేసి మూలలు చూడండి.

230 వోల్టుల వైపు మాత్రం నా సలహా వేరు. రిసార్ట్‌లోనో దాబాలోనో ప్లగ్గు పెట్టాక తలుపు పిడి తాకితే జివ్వుమంటే తేలిగ్గా తీసుకోకండి. అక్కడి సాకెట్‌కి ఎర్త్ లేకపోతే చార్జర్లలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కూడా బాడీ మీదికి సగం వోల్టేజి రావచ్చు. అసలైన లీకేజీ వల్ల కూడా కావచ్చు. చేత్తో తాకి ఏదో తేల్చుకోలేరు. పిల్లల్ని దూరంగా ఉంచి, మీరూ బాడీని తాకకుండా, ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి తర్వాత ప్లగ్గు తీసేయండి. బండిలోకి మెయిన్స్ వచ్చే చోట లీకేజీ ఉంటే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పకుండా ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి. అది ట్రిప్ అవుతోందని బైపాస్ చేసేవాళ్లని చూశాను, వాళ్లకి దండం. ఇన్వర్టర్ అవుట్‌పుట్, బయటి కరెంటు రెండూ ఒకే లైనులో కలవకుండా ఫేజు, న్యూట్రల్ రెండింటినీ మార్చే చేంజోవర్ స్విచ్ ఉండాలి. ఈ భాగం సొంతంగా విప్పకండి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ఇక మీ పని. రేపు సాయంత్రం లోడ్ అంతా నడుస్తుండగా నాలుగు అంకెలు తీసి ఇక్కడ రాయండి: బ్యాటరీ పోస్టుల మీద ఎంత, ఫ్రిజ్ టెర్మినల్ దగ్గర ఎంత, నెగటివ్ నుంచి నెగటివ్‌కి ఎంత, పాజిటివ్ నుంచి పాజిటివ్‌కి ఎంత. ఫ్రిజ్ ఎలక్ట్రానిక్ యూనిట్‌కి ఎర్ర ఎల్‌ఈడీ ఉంటే అది ఆగినప్పుడు ఎన్నిసార్లు మెరిసిందో కూడా చూడండి. నేను చెప్పిన కంప్రెసర్ అయితే ఒకసారి మెరిస్తే వోల్టేజి తక్కువని, రెండు మెరుపులైతే ఫ్యాను ఎక్కువ కరెంటు లాగుతోందని, మూడైతే మోటారు స్టార్ట్ కాలేదని, ఐదైతే వేడెక్కిందని అర్థం. ఫ్రిజ్ వైరు మీది అచ్చు, బ్యాటరీ నెగటివ్ ఎక్కడ బిగించారో ఒక్కో ఫొటో పెట్టండి. అవి చూసి ఏ ప్లైవుడ్ విప్పాలో చెప్తాను, బండంతా విప్పక్కర్లేదు.